ఓడ దీవిగా ఎలా మారింది?

సముద్రంలో శత్రువు వదిలిన మందుపాతరలను (మైన్లను) ఏరివేసే ఓడను మైన్‌స్వీపర్ అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన ‘అబ్రహాం క్రెయిన్‌సెన్’ అలాంటిదే.

ఎలా ఏరుతుంది? కోతపరికరాలు బిగించిన పొడవైన ఇనుపతాడును నీళ్లలో ఈడ్చుకెళ్తుంది. మైనును అడుగున పట్టి ఉంచే తీగ తెగగానే అది పైకి తేలుతుంది. అప్పుడు తుపాకులతో దాన్ని పేల్చేస్తారు.

మరి దీవి వేషం ఎందుకు? రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఫిబ్రవరి చివర జావా సముద్రంలో జరిగిన పోరులో జపాన్ గెలిచింది. మిగిలిన మిత్రపక్షాల ఓడలు ఆస్ట్రేలియాకు తప్పించుకోవాలి. ఈ ఓడ వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లే. విమానాలను ఎదిరించే ఆయుధబలమూ అంతంతమాత్రమే.

అందుకే నావికులు దగ్గర్లోని దీవుల్లో చెట్లు నరికి, కొమ్మలతో డెక్కంతా కప్పేశారు. బయటికి కనిపించే ఇనుమంతటికీ రాతిరంగు పూశారు. వేల దీవులున్న ఆ ప్రాంతంలో ఇంకో చిన్న దీవిని ఎవరు పట్టించుకుంటారు?

కానీ దీవి కదిలితే గుట్టు రట్టవుతుంది కదా! అందుకే పగలు ఒడ్డు పక్కన లంగరు వేసి కదలకుండా ఉండేది, చీకటి పడ్డాకే ప్రయాణం. అలా మార్చి 20న ఆస్ట్రేలియా చేరింది.

తర్వాత కొన్ని నెలలు ఆస్ట్రేలియా నౌకాదళంలో పనిచేసి, 1943లో మళ్లీ డచ్ జెండా ఎగరేసింది. ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని డెన్ హెల్డర్ నౌకాదళ మ్యూజియంలో దాన్ని చూడొచ్చు.