హౌజు గోడలకు ఎర్ర మరకలు



మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లను నమ్ముకొని 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. అది 2015లో మూతపడ్డది. అయినా సేద్యం ఆగదు గదా! కాలువ అందని చోట బోరే దిక్కు. బోరు పక్కన సిమెంటు హౌజు. పశువులు తాగేది అందులోనే, ఎండాకాలం పిల్లలు ఈత కొట్టేదీ అందులోనే.

ఆ హౌజు గోడలు కొన్నాళ్లకు ఎర్రబడతాయి. ఎందువల్ల? భూమి లోపలి నీటిలో ఇనుము కరిగి ఉంటుంది. బోరు పోసినప్పుడు నీరు తేటగానే కనిపిస్తుంది. గాలి తగలగానే ఆ ఇనుము తుప్పుగా మారి గోడలకు పట్టుకొంటుంది. లీటరు నీటిలో 0.3 మిల్లీగ్రాముల ఇనుము దాటితే చాలు, మరక పడుతుంది.

చాలామంది ఏం చేస్తారు? నీళ్లలో బ్లీచింగ్ పౌడరు గుమ్మరిస్తారు. తెల్లారి చూస్తే ఎరుపు ఇంకా ముదురుతుంది. బ్లీచింగ్ ఇనుమును మరింత త్వరగా తుప్పు చేస్తుంది. కనుక ముందు మరక ఏ జాతిదో తెలుసుకొనవలెను.

ఒక నిమ్మచెక్కతో గాని, తడిపిన సి విటమిన్ మాత్రతో గాని మరకను నిమిషంసేపు రుద్దండి. ఎరుపు పలచబడితే అది ఇనుము. పచ్చగా, జిగటగా ఉండి పీచుబ్రష్షుకే ఊడివస్తే అది పాచి. నీలి పచ్చగా ఉంటే రాగి కావచ్చు. పాచి పోవాలని మైలుతుత్తం వేసిన హౌజులలో ఇట్లా అవుతుంది. గొర్రెలకు రాగి విషం తొందరగా ఎక్కుతుంది. అవి తాగే నీటిలో మైలుతుత్తం వేయనే వద్దు.

ఇనుప మరకకు మందు కిరాణా దుకాణంలోనే ఉన్నది, నిమ్మ ఉప్పు. హౌజు ఖాళీ చేయండి. లీటరు నీటికి రెండు చెంచాలు కలిపి, పాతగుడ్డ ముంచి మరక మీద పది నిమిషాలు అంటించండి. తరువాత పీచుబ్రష్షుతో రుద్ది కడగండి. మొండి మరకకు మళ్లీ ఒకసారి. ఎక్కువసేపు ఉంచరాదు, పులుపు సిమెంటును తింటుంది. కడిగిన నీటిని పశువులు తాగకుండా దూరంగా పారబోయండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఆమ్లాన్ని, బ్లీచింగ్‌ను ఎన్నడూ కలపవద్దు. కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. హౌజులో దిగిన మనిషి ఊపిరికే ముప్పు. నిమ్మ ఉప్పు వాడినాక రెండుసార్లు మంచినీటితో కడిగి, ఆ పిమ్మటనే బ్లీచింగ్ సంగతి. మరుగుదొడ్లు కడిగే ఘాటు ఆమ్లం హౌజులోకి రానీయవద్దు.

మరక ఒకే చోట మళ్లీ మళ్లీ వస్తే గచ్చు లోపల ఇనుప చువ్వ తుప్పు పడుతున్నదేమో చూడండి. అక్కడ కొట్టి, చువ్వ శుభ్రంచేసి, మళ్లీ గచ్చు వేయించవలసిందే.

మరక పోయినా నీరు మారదు. కనుక బోరు నీటిని నేరుగా హౌజులో పోయక, ఎత్తు నుంచి గులకరాళ్ల మీద పడనీయండి. చిన్న తొట్టిలో రాత్రంతా నిలిపితే ఎర్రమడ్డి అడుగుకు దిగుతుంది. పై తేటను ఇసుక గుండా వడకట్టి హౌజుకు వదలండి. డ్రిప్పు పెట్టిన చెరకు రైతుకు ఇది మరీ ముఖ్యం. గోడకు పట్టే ఆ తుప్పే డ్రిప్పు రంధ్రాలను మూసివేస్తుంది. గోడ ఎర్రబడితే చూపుకే వెలితి. రంధ్రం మూసుకుంటే పైరే ఎండుతుంది.