జీతంలేని కొలువు... కన్నీటి వీడ్కోలు

శంషాబాద్ విమానాశ్రయం దగ్గర ఏ అర్ధరాత్రి చూసినా ఒకటే దృశ్యం. అమెరికా వెళ్లే కొడుక్కి చేతులూపే అమ్మ, కొంగుతో కళ్లొత్తుకునే నానమ్మ, పిల్లాడు లోపలికెళ్లాక కూడా ఫోన్‌చేసి ‘చెకింగ్ అయిపోయిందా?’ అనడిగే నాన్న. ఆ నాన్న చేతిలోది ఆండ్రాయిడ్ ఫోనైతే దాన్ని లోపలుండి నడిపించేది లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. అడగకుండానే వచ్చి చేయి వేసినవాళ్లు ఎందరో!

అలాంటివాళ్ల పెద్ద కుటుంబమే డెబియన్. 1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించాడు. స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపితే డెబియన్ అయింది. లినక్స్‌కి వేలాది ప్రోగ్రామ్‌లు జతచేసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా అందించడం వీళ్ల పని. ఇందుకు డెబియన్ ఎవరికీ జీతమివ్వదు. ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక, అన్నం తిన్నాక, అందరూ పడుకున్నాక కూర్చునేవాళ్లే ఎక్కువ. మన హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ కింద కంప్యూటర్‌కి తెలుగు నేర్పిన కుర్రాళ్లదీ ఇదే దారి.

ఈ కుటుంబం ఏటా ఒకచోట కలుస్తుంది. 2023 సెప్టెంబరులో ఆ కలయిక మొదటిసారి మనదేశానికొచ్చింది. వేదిక కేరళలోని కొచ్చి, శంషాబాద్‌లో విమానమెక్కితే సుమారు గంటన్నర. ఆ సభల బొమ్మలూ రూపకల్పనా చూసిన బృందానికి పెద్దదిక్కు అబ్రహాం రాజి అనే కేరళ యువకుడు. డెబియన్ ఇండియా వెబ్‌సైట్‌కీ అతనే ఆధారం. కొత్తగా వచ్చేవాళ్లకు ఓపిగ్గా నేర్పేవాడు. సెప్టెంబరు 13న, అందరూ సరదాగా విహారానికెళ్లిన రోజు, కయాకింగ్‌లో జరిగిన ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయాడు. పండగలా సాగుతున్న సభ ఒక్కసారిగా చావింటిలా మారిపోయింది. అప్పటిదాకా అతన్ని తెరమీద అక్షరాలుగానే ఎరిగినవాళ్లు ఎందరో అక్కడే తొలిసారి కలిశారు.

కొందరినైతే ఆ ఒక్కసారీ చూడలేరు. జోయెల్ క్లెకర్ అనే అమెరికా కుర్రాడిదీ అదే కథ. దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే గ్లిబ్‌సీ అనే కీలక భాగాన్ని డెబియన్‌లో చూసుకునేవాడు. 2000 జులై 11న చనిపోయాడు. వయసు 21. కండరాలు క్రమంగా క్షీణించిపోయే డ్యూషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అతని జబ్బు. తమతో అంత పనిచేసిన కుర్రాడు మంచానికే పరిమితమై ఉన్నాడని ఆ కుటుంబంలో చాలామందికి అప్పటిదాకా తెలీదు! అతనెప్పుడూ చెప్పుకోలేదు మరి. మరుసటి నెలలో వచ్చిన డెబియన్ 2.2ను అతనికే అంకితమిచ్చారు. 2015 డిసెంబరులో మర్డాక్ పోయినప్పుడూ అంతే, 2017లో వచ్చిన తొమ్మిదో వెర్షన్ ఆయనకు అంకితం.

ఏడుపు సరే, పోయినవాళ్ల పనో? డెబియన్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కీ ఒక సంరక్షకుడో, చిన్న బృందమో ఉంటారు. చూసుకునేవాళ్లు లేకుండా పోతే దాన్ని ‘అనాథ’ అనే ప్రకటిస్తారు. నేను చూసుకుంటానని ముందుకొస్తే అది ‘దత్తత’. కంప్యూటర్‌వాళ్లు ఈ మాటలు ఎక్కడ పట్టుకొచ్చారో గానీ, మనింట్లో మాటల్లా ఉంటాయి. పోయినవాళ్ల డిజిటల్ తాళంచెవిని జాబితాలోంచి తీసేస్తారు. అది ఇంకొకరి చేతిలో పడకూడదుగా!

తీసెయ్యనిది మాత్రం ఒకటుంది. ప్రతి ప్రోగ్రామ్‌తోపాటూ ఒక చిట్టా ఉంటుంది. ఎవరు, ఏ తేదీన, ఏం సరిచేశారో అందులో రాస్తారు. కొత్త సంరక్షకుడు తన పేరు పైన రాసుకుంటాడు, పాతవి కిందికి జరుగుతాయి. గ్లిబ్‌సీ చిట్టాలో కిందికంటా వెళ్తే క్లెకర్ పేరూ, అతను పనిచేసిన తేదీలూ కనిపిస్తాయి.