శుక్రవారం నాడు తాజ్‌మహల్

ఢిల్లీలో కాపురమున్న తెలుగువాడికి జీతంలేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. దసరా వెళ్ళిన నాటి నుంచి చలి ముదిరే దాకా స్వస్థలం నుంచి వచ్చే చుట్టాలకు ఊరు చూపించడం. మొన్న ఒక ఆదివారం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో మా మేనమామ కుమారుడు సకుటుంబంగా దిగాడు. వెంట ఇద్దరు పిల్లలు, డెబ్బయ్యారేళ్ళ అత్తయ్య. ఇంటికి చేరకముందే బావ జేబులోంచి కాగితం తీశాడు. అందులో తొమ్మిది పేర్లు, చివరిది ఆగ్రా.

ఈ నగరానికి వచ్చేవారు చూడవలసిన స్థలాలకన్నా ముందు అవి మూసి ఉండే రోజులు తెలుసుకోవాలి. ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షరధామ్, జాతీయ మ్యూజియం సోమవారం తెరవరు. జంతు ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. ఆగస్టు 15కు ముందు కొన్నాళ్ళపాటు ఎర్రకోటలోకి ఎవరినీ రానివ్వరు. సెలవులేనిది కుతుబ్ మీనార్. కనుక సోమవారానికి దానిని అట్టేపెట్టడం నా అలవాటు. ఆ పేరుతో మెట్రో స్టేషన్ ఉన్నది గాని కట్టడం అక్కడికి దూరమే, పెద్దవాళ్ళుంటే ఆటో తప్పదు.

అక్కడ బావ చిన్న కొడుకు పైకెక్కుదామని మారాం చేశాడు. ఎక్కనివ్వరు. 1981 డిసెంబరు 4న లోపలి ఇరుకు మెట్లపై దీపాలు ఆరిపోయి, తొక్కిసలాటలో 45 మంది చనిపోయారు. వారిలో అధికసంఖ్యాకులు బడిపిల్లలు. నాటి నుంచి ఆ మెట్లదారి సందర్శకులకు మూతపడింది. జనసమ్మర్దం అసౌకర్యం మాత్రమేనని తలచేవారు ఆ తలుపు ముందు ఒక్క నిమిషం నిలబడాలి.

అత్తయ్యకు కాగితంతో నిమిత్తం లేదు. తాజ్‌మహల్ ఒక్కటి చూస్తే చాలునంది. మామయ్య ఏనాడో ఆగ్రా నుంచి తెచ్చిన చలువరాతి బొమ్మ వారి అద్దాల బీరువాలో ఇప్పటికీ ఉంది. అందులో ఒక మినారు విరిగిపోయింది. ఆమెను స్వయంగా తీసుకువెళతానన్న మాట చెల్లించకుండానే ఆయన కన్నుమూశాడు.

ఆగ్రాకు గురువారం గతిమాన్ రైలులో టిక్కెట్లు తీసుకున్నాను. బుధవారం ఒక్కరోజులో మూడు స్థలాలు పెట్టుకోవడమే నేను చేసిన తప్పు. అక్షరధామ్‌లో ఫోన్లు, సంచులు అప్పగించే వరుసలోనే చాలాసేపు నిలబడ్డాం. రాత్రికి అత్తయ్య మోకాళ్ళు వాచాయి. ప్రయాణం ఒక రోజు వెనక్కి జరిపాను. తేదీ చూశాను గాని వారం చూడలేదు. గతిమాన్ శుక్రవారం నడవదని తెలిసినప్పుడైనా కారణం తట్టవలసింది. తట్టలేదు. కారు మాట్లాడాను.

రెండువందల కిలోమీటర్లకు పైగా వెళ్ళాక చూస్తే తాజ్ మూసి ఉంది! శుక్రవారం అక్కడి మసీదులో నమాజుకు వచ్చేవారికే ప్రవేశం. బావ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వాళ్ళ రైలు మర్నాడే.

డ్రైవరు మమ్మల్ని యమున ఆవలి ఒడ్డుకు, మెహతాబ్ బాగ్‌కు తీసుకువెళ్ళాడు. అక్కడి నుంచి తాజ్ వెనుకభాగం కనిపిస్తుంది, మధ్యలో నది. పిల్లలు నీళ్ళకేసి పరుగెత్తబోతే వాళ్ళమ్మ ఆపింది. అత్తయ్య కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"నాలుగూ ఉన్నాయిరా అబ్బాయ్," అంది.

లోపలికి వెళ్ళలేకపోయామని నేనేదో సంజాయిషీ చెప్పబోయాను. మామయ్య బొమ్మ ముందువైపు నుంచి ఇంట్లో రోజూ కనిపిస్తూనే ఉన్నదని ఆమె సమాధానం. నా సిగ్గు మాత్రం తగ్గలేదు.

వచ్చే నెల మరో కుటుంబం వస్తున్నది. వారిలోనూ ఒక ముసలాయన ఉన్నారు. ఆగ్రాను అన్నిటికన్నా ముందు, మంగళవారానికి పెట్టాను. తాజ్ తలుపులు సూర్యోదయానికి అరగంట ముందే తెరుస్తారు గనుక సోమవారం రాత్రి అక్కడే బస. ఢిల్లీలో రోజుకు రెండు స్థలాలే. అక్షరధామ్ వారి కాగితంలో ఉంది; ఇంకా కొట్టివేయలేదు, ముందు ఆయన మోకాళ్ళ సంగతి కనుక్కోవాలి.