మెరుపు చూసి కొన్నాం... మన్నిక మాటేమిటి?

"ఈ గుండిగ ఇంకేం చేసుకుంటారమ్మా? తూకమేసి, దీని బదులు స్టీలు డబ్బాల సెట్టు ఇస్తాను" అన్నాడు పాత సామాన్ల అబ్బాయి. నిజమే అనిపించింది. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఇత్తడి గుండిగ అది. ఏళ్ల తరబడి అటక మీదే ఉండి, లోపలంతా చిలుం పట్టిపోయింది. నేను సరేననబోతుంటే అత్తయ్య వరండాలోంచే అడిగారు, "ఆ డబ్బాలు నా అంత వయసు దాకా ఉంటాయటనా?" అని.

ఆ సాయంత్రమే వంటింట్లో సింకు కింది అలమర తలుపు నా చేతిలోకి ఊడొచ్చింది. రెండేళ్లు కూడా నిండలేదు దానికి. వాయిదాల మీద చేయించుకున్నాం, ఇంకా నాలుగు వాయిదాలు మిగిలే ఉన్నాయి. బిగించడానికి వచ్చిన వడ్రంగి మేకును ఒకసారి తిప్పి చూసి వదిలేశాడు. "ఇందులో ఇక మేకు నిలవదమ్మా, లోపలంతా పొట్టే" అన్నాడు.

గుండిగకి చిలుం పట్టింది, బాగుచేసుకోవచ్చు. అలమర చెడింది, పారేయాలి. ఆ రోజునుంచీ ఏ వస్తువు కొనబోయినా ముందు ఒకటే అడుగుతున్నాను: ఇది చెడితే బాగుచేసేవాళ్లున్నారా? విడిభాగాలు దొరుకుతాయా? కొట్టువాడు తడుముకుంటే నా సంచీ ఖాళీగానే ఇంటికొస్తుంది.

సింకు కింద ఏముంది?

అందంగా కనిపించే వంటింటి అలమరల్లో చాలావాటికి లోపల ఉండేది పార్టికల్ బోర్డు. అంటే చెక్కపొట్టును, చిన్న ముక్కలను జిగురుతో కలిపి ఒత్తిన పలక. పైన లామినేట్ అతికిస్తే తెలియనే తెలియదు. పొడిగా ఉన్నంతకాలం ఫరవాలేదు. అంచునుంచి నీళ్లు లోపలికి దిగాయా, పూరీలా ఉబ్బుతుంది. ఉబ్బింది మళ్లీ అణగదు. మేకు ఒకసారి వదులైతే అదే చోట మళ్లీ పట్టదు కూడా.

ప్లైవుడ్ నయమే కానీ అందులోనూ తేడాలున్నాయి. పలక మీద ఐఎస్ఐ గుర్తుతో పాటు ఉండే అంకె చూడండి. 710 అని ఉంటే నీటికి బాగా తట్టుకునే మెరైన్ ప్లై. 303 అంటే మామూలు వాడకానికి. అందులో ఎం.ఆర్. అని రాసి ఉంటే గాలిలో తేమకు ఓర్చుకుంటుందని అర్థం, నీళ్లలో నానినా ఏమీ కాదని కాదు. బి.డబ్ల్యు.ఆర్. అయితే వంటింటికి కొంత నమ్మకం. ఇంటికి పలకలు దిగిన రోజునే, కోయకముందే ఈ అక్షరాలు చూసుకోవాలి. కోసి, లామినేట్ అంటించాక దేవుడు కూడా చెప్పలేడు.

అసలు సింకు కింద చెక్క ఎందుకంటాను నేను. మన అమ్మల వంటిళ్లలో గోడలోకి దింపిన కడప బండల అరలుండేవి. చెద లేదు, ఉబ్బడం లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఒక్క జాగ్రత్త ఉంది. కడప రాయి సున్నపురాయి జాతి. నిమ్మరసం, వెనిగర్ పడితే తెల్లటి మచ్చ పడుతుంది, యాసిడ్ పోసి కడిగితే ఉన్న నునుపు కాస్తా పోతుంది. పాలరాయిదీ అదే గుణం. అందుకే పులుపులు ఒలికే గట్టు మీదికి గ్రానైట్, కింది అరలకు కడప బండ పెట్టుకుంటే సరి.

అయస్కాంతంతో స్టీలు తేలదు!

స్టీలు కొనడానికి అయస్కాంతం పట్టుకెళ్లే వదినలు నాకు తెలుసు. అంటుకోకపోతే మంచి స్టీలని సంబరం. ఇందులో సగమే నిజం. 304 రకం స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 18/8 అని రాసేది దీన్నే. దీనికి అయస్కాంతం అంటదు. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం, అంటే 200 వరసలోవి, వాటికీ అంటదు! తుప్పు మచ్చలు తొందరగా వచ్చేది ఈ రకానికే. కాబట్టి అయస్కాంతాన్ని ఇంట్లో పెట్టి, గిన్నె మీద 304 అని ముద్ర ఉందో లేదో చూడండి, బిల్లు మీద కూడా ఆ అంకె రాయించుకోండి. రాయనంటే మరో కొట్టు. హైదరాబాదు బేగంబజారులోనైనా, మన ఊరి మెయిన్ రోడ్డులోనైనా ఇదే పద్ధతి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు మాత్రం అయస్కాంతం పట్టుకెళ్లాల్సిందే. అడుగుకి అంటుకోని గిన్నె ఆ పొయ్యి మీద వేడెక్కదు.

మంచి స్టీలుకీ గుంటలు పడతాయి. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి పొయ్యి మీద పెడితే, కరగని గల్లు అడుగున కూర్చున్న చోట చిన్నచిన్న చుక్కలు పడతాయి. అవి ఎంత తోమినా పోవు. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలపండి. బోరునీళ్ల వల్ల వచ్చే తెల్లటి పొర అలాంటిది కాదు, నిమ్మచెక్కతో రుద్ది కడిగితే వదులుతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్లలో స్టీలు సామాన్లు రాత్రంతా నానబెట్టే అలవాటుంటే మానుకోండి.

కుక్కరు సంగతి

ఇళ్లలో వాడే ప్రెషర్ కుక్కర్లకు 2021 ఫిబ్రవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు లేనిది ఎంత చవకైనా వద్దు. కుక్కరులో మన్నేది గిన్నె. రబ్బరు, సేఫ్టీ వాల్వు అరిగిపోయేవే. అవి మార్చుకుంటూ పోతే ఒక్క కుక్కరు ఏళ్ల తరబడి వస్తుంది. అయితే ఏ కంపెనీ కుక్కరుకి ఆ కంపెనీవే వేయాలి. ఎంత ఆవిరి దగ్గర విడవాలో దాన్నిబట్టే వాల్వు తయారవుతుంది. పది రూపాయలు కలిసొస్తాయని బండి మీద దొరికింది బిగించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

కడిగిన ప్రతిసారీ మూతని వెలుతురుకి ఎత్తి, వెయిట్ పెట్టే గొట్టంలోంచి చూడండి. అవతలి వెలుగు కనబడాలి. మూడింట రెండొంతులు మించి నింపకూడదు, పప్పైతే సగానికే. పొంగే పప్పు నురగే ఆ గొట్టాన్ని పూడ్చేది. ఆరాక రబ్బరు విడిగా తీసి పెట్టండి, మూత బిగించి అటక మీద పెట్టకండి.

నాన్‌స్టిక్ గురించి రెండే మాటలు. అట్లకాడ చెక్కదై ఉండాలి, పెనం ఖాళీగా మంట మీద ఉండకూడదు. ఎంత జాగ్రత్తపడ్డా అది కొన్నేళ్ల వస్తువే, ఆ లెక్కతోనే కొనుక్కోండి. దోసెలకు మా ఇంట్లో ఇప్పటికీ ఇనుప పెనమే. కడగ్గానే సన్న సెగ మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిస్తే తుప్పు రాదు. నాలుగు రోజులు వాడకపోతే మొదటి దోసె మొండికేస్తుంది, రెండోది దారికొస్తుంది.

ఇంతకీ గుండిగ ఏమైంది?

ఇవ్వలేదు! కళాయి పోసేవాళ్లు ఇప్పుడు వీధుల్లో పెద్దగా కనిపించరు. పాత బజారులో ఇత్తడి సామాన్ల కొట్టువాళ్లని అడిగితే ఒక పెద్దాయన్ని చూపించారు. తణుకు దగ్గర అజ్జరం వంటి ఊళ్లలో ఇత్తడి పని ఇంకా బతికే ఉంది. అటువైపు వాళ్లకైతే ఇంత వెతుకులాట ఉండదు.

గుండిగని కొలిమి మీద కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో ఒక్క తిప్పు తిప్పాడాయన. నల్లగా ఉన్న లోపలంతా వెండిలా అయిపోయింది. కళాయి లేని ఇత్తడిలో పులుసో, మజ్జిగో ఉంచితే లోహం వాటిలోకి దిగి చిలుం వాసన కొడుతుంది, కడుపులో తిప్పుతుంది. కళాయి ఉంటే ఆ బెడద లేదు. కాకపోతే తగరంలో సీసం కలిపేవాళ్లూ ఉంటారు, నలుగురూ మంచివాడని చెప్పినవాళ్ల దగ్గరే పోయించుకోవాలి.

ఇంకోటి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గుండిగ మంట మీద మరిచిపోతే కళాయి కాస్తా ముద్దలు కడుతుంది. అందులో పోపు పెట్టకండి. విడిగా ఇనుప గరిటెలో వేయించి పోయండి. చింతపండు, ఇటుక పొడి బయటివైపుకే, లోపల మెత్తటి గుడ్డ, కాస్త సబ్బు నీళ్లు. ఇత్తడి పసుపు రంగు లోపల అక్కడక్కడా తొంగిచూసిందంటే మళ్లీ పోయించుకునే వేళైనట్టే.

కూలి ఎంత అయిందని అత్తయ్య అడిగారు. చెప్పాను. "ఆ డబ్బుతో డబ్బాల సెట్టు మూతలు కూడా రావు" అన్నారు. లెక్క పూర్తిగా నిజం కాదు గానీ, నేను దిద్దలేదు. మొన్న పండక్కి పద్దెనిమిది మందికి అందులోనే అన్నం వండాం. సింకు కింద అలమర తీసేసి కడప బండ వేయించాం. దానికి తలుపు ఇంకా పెట్టించలేదు, ప్రస్తుతానికి పాత చీర తెర వేలాడుతోంది. అలమర వాయిదాలు మాత్రం రెండు మిగిలాయి.