శామీర్‌పేట విహారానికి చెరువే ఆధారం

మేడ్చల్, శామీర్‌పేట: సెలవు దినం వచ్చిందంటే చాలు, సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారిపై ఉత్తర దిశగా సాగే వాహనాలలో అనేకం శామీర్‌పేట వద్ద ఆగుతాయి. సుమారు పాతిక కిలోమీటర్ల ప్రయాణం. నిజాం పాలనాకాలంలో కట్టించిన పెద్ద చెరువు, దానికి చేరువలో జవహర్ జింకల పార్కు నగరవాసులను ఇంత దూరం రప్పిస్తున్నాయి.

చెరువు విహారం కోసం పుట్టినది కాదు. వాన నీటిని ఆపి తూముల ద్వారా పొలాలకు అందించడమే దాని మొదటి పని. కట్టపై నుంచి కనిపించే విశాల జలరాశి, ఆవలి రాతిగుట్టలు తర్వాతి కాలంలో నగర ప్రజలనూ, సినిమా చిత్రీకరణ బృందాలనూ ఆకర్షించాయి. జంటనగరాల శివార్లలో జింకలకు ప్రత్యేక వనం అనే ఆలోచన కొత్తదేమీ కాదు. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో వనస్థలిపురం వద్ద, నిజాం వేట మైదానంగా ఉన్న అడవిలో కృష్ణజింకల కోసం మహావీర్ హరిణ వనస్థలి వెలసింది. అక్కడ జింకలు అడవిలో స్వేచ్ఛగా తిరుగుతాయి. శామీర్‌పేటలో మాత్రం చుక్కల దుప్పులను, నెమళ్లను కంచె అవతల చూడవలసిందే. పిల్లలకు ఈ పద్ధతే అనుకూలం.

చట్టం దృష్టిలో ఇది పార్కు కాదు, జంతు ప్రదర్శనశాల. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణల దరిమిలా 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. నాటి నుంచి జింకల పార్కులకు సైతం దాని గుర్తింపు తప్పనిసరి. శామీర్‌పేట వనం జవహర్‌లాల్ నెహ్రూ పర్యాటక సముదాయం పేరిట ఆ జాబితాకెక్కింది. జంతువులను రెచ్చగొట్టడాన్నీ, సందర్శకులు మేత వేయడాన్నీ ఇదే చట్టం నిషేధించింది. కంచెలోంచి బిస్కెట్లు, మరమరాలు అందించడం ముచ్చటగానే ఉంటుంది. కానీ నెమరువేసే జంతువు కడుపు గడ్డికి, ఆకులకు అలవాటు పడినది. పిండి పదార్థాలు ఎక్కువైతే అది పులిసి ఉబ్బరం చేస్తుంది. వాటితోపాటు ప్లాస్టిక్ సంచి లోపలికి పోతే ప్రాణాపాయమే. 2014లో జింకను తెలంగాణ రాష్ట్ర జంతువుగా ప్రకటించిన సంగతి కంచె వద్ద ఎందరికి గుర్తుంటుందో!

మేడ్చల్ వైపు కథ వేరు. 2015 జూలైలో హరితహారం మొదలయ్యాక, నగరం చుట్టూ ఉన్న రిజర్వు అడవులలో కొంత భాగాన్ని నడక దారులతో ప్రజలకు తెరిచారు. ఔటర్ రింగు రోడ్డు కూడలికి సమీపంలో, 44వ జాతీయ రహదారి పక్కనున్న కండ్లకోయ ఆక్సిజన్ పార్కు ఆ కోవలోనిదే. పేరు ఘనమైనదే గానీ, అక్కడ నడిచేవారికి దక్కేది ప్రధానంగా చెట్ల నీడ, చల్లదనం, ధూళి తగ్గిన గాలి. ఆ భూమి రిజర్వు అడవి గనుక 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా ఇతర అవసరాలకు మళ్లించడం కుదరదు.

చెరువుకు ఇంతటి రక్షణ లేదు. 2012 నాటి భవన నిబంధనల మేరకు పది హెక్టార్లకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు నుంచి 30 మీటర్ల వరకు నిర్మాణాలు చేపట్టరాదు. వాగు వెడల్పు పది మీటర్లు దాటితే ఇరువైపులా 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. ఆ పైనున్న పరీవాహక భూములకు మాత్రం ఈ హద్దులు వర్తించవు. జంట జలాశయాల కోసం 1996లో తెచ్చిన 111 జీవో వంటిది శామీర్‌పేటకు ఏనాడూ లేదు. వేసవిలో ఎండి ఉండే సన్నని వాగు లేఅవుట్ రోడ్డు కింద పూడిపోతే, చెరువు గట్టు చెక్కుచెదరకున్నా నీరు చేరదు.

ఒత్తిడి మాత్రం పెరుగుతోంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జినోమ్ వ్యాలీ, 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణం ఈ ప్రాంతానికి జనాన్ని తెచ్చాయి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి ప్రత్యేక జిల్లా అయింది. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ వరకు సుమారు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది.

ఈ పరిసరాలలో స్థలం కొనేవారు హెచ్‌ఎండీఏ ప్రకటించిన చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలలో తమ సర్వే నంబరును సరిచూసుకోవచ్చు. వాగుల జాడ గ్రామ నక్షాలో లభిస్తుంది.