తాళం తీసే ముందు తూకం

మహమ్మారి వేళ దుకాణాలు తెరవాలా వద్దా అన్నది ప్రాణాలకూ డబ్బుకూ మధ్య పోటీగా చెప్పడం వాడుకైంది గానీ, ఏ పూట కూలి ఆ పూటకే సరిపోయే ఇళ్లలో ఆకలి కూడా ప్రాణాల సమస్యే. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలయ్యాక, అంతకు ముందటి ఏడాది ఏప్రిల్‌లో రూ.1.13 లక్షల కోట్లున్న జీఎస్టీ వసూళ్లు దాదాపు రూ.32 వేల కోట్లకు పడిపోయాయి. జీఎస్టీ పరిధిలోకి రాని మద్యంపై పన్ను నేరుగా రాష్ట్రాల ఖజానాకే చేరుతుంది కాబట్టి, బడులూ గుడులూ మూసి ఉండగానే మే 4న ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. ధర 25 శాతం పెంచినా, దూరం పాటించమని నేల మీద గీసిన వలయాలను చెరిపేస్తూ మండుటెండలో వరుసలు సాగడంతో, మర్నాడే మరో 50 శాతం పెంచారు.

ఒక రోగి నుంచి సగటున ఎందరికి వ్యాధి సోకుతుందో చెప్పే ‘ఆర్’ సంఖ్య ఒకటిని దాటితే కేసులు పెరుగుతూ పోతాయి. కనుక ఏది తెరవాలన్నది రాబడిని బట్టే కాక, అక్కడ ఎందరు, ఎంతసేపు, ఎంత గాలి ఆడే చోట గుమిగూడతారన్న దాన్ని బట్టి తేలాలి. ఆ లెక్కన చెట్టు కింద చెప్పులు కుట్టే మనిషికి, ఏసీ షోరూమ్ కన్నా ముందే అనుమతి దక్కాల్సింది. తెలంగాణలోనూ మద్యం దుకాణాలు మాత్రం మే 6నే తెరుచుకున్నాయి.