ఎలక్ట్రానిక్ డ్రమ్స్ - ఎంపికలో మెలకువలు

భరతముని నాట్యశాస్త్రంలో వాద్యాలను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు విధాలుగా విభజించాడు. చర్మం బిగించినవి అవనద్ధ వాద్యాలు. తాళాల వంటివి ఘన వాద్యాలు. పాశ్చాత్యుల డ్రమ్ సెట్‌లో ఈ రెండు జాతులూ కలిసి ఉంటాయి. అయితే దాని ధ్వని మిక్కిలి తీవ్రమైనది. గోడకు గోడ ఆనుకొని ఉండే ఇళ్లలో నిత్యసాధనకు అది అనుకూలించదు. అటువంటివారికి ఎలక్ట్రానిక్ డ్రమ్స్ ఉపకరిస్తాయి.

వీటిలో డోలుకు బదులు ‘ప్యాడ్’ ఉంటుంది. పుల్లతో కొట్టినప్పుడు కలిగే కంపనాన్ని అందులోని సెన్సర్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ‘మాడ్యూల్’ అనే చిన్న పెట్టె ఆ సంకేతపు బలాన్ని గ్రహించి, తగిన ధ్వనిని హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. అనగా ధ్వనికి ఆధారం పెట్టె. స్పర్శకు ఆధారం ప్యాడ్. ఈ భేదాన్ని గుర్తించడమే ఎంపికకు తొలిమెట్టు.

1981లో ఇంగ్లండుకు చెందిన సిమన్స్ సంస్థ తెచ్చిన షడ్భుజాకారపు ప్యాడ్లు ప్రసిద్ధి పొందాయి. కాని అవి గట్టిగా ఉండటంతో వాదకులకు మణికట్టు నొప్పి కలిగేది. 1997లో జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ వలలాంటి అల్లికతో ‘మెష్’ ప్యాడ్లను ప్రవేశపెట్టింది. వీటిపై పుల్ల సహజంగా ఎగిసి వస్తుంది. రబ్బరు ప్యాడ్లతో పోలిస్తే చప్పుడూ తక్కువే.

పరిమిత ధనంతో కొనేవారు వందలకొద్దీ ధ్వనులున్నాయన్న ప్రకటనలకు లోనుకాకూడదు. యు.ఎస్.బి. సౌకర్యముంటే కంప్యూటర్ ద్వారా తరువాత కొత్త ధ్వనులను చేర్చుకోవచ్చు. చేతికి, కాలికి తగిలే భాగాలను మార్చడం మాత్రం ఖర్చుతో కూడిన పని. కనుక అన్ని ప్యాడ్లూ మెష్‌వి కాకున్నా, ఎక్కువగా వాయించే ‘స్నేర్’ ప్యాడైనా మెష్‌ది కావడం మేలు. మెల్లగా తాకినప్పుడు మెల్లగా, బలంగా కొట్టినప్పుడు బలంగా పలుకుతున్నదో లేదో స్వయంగా పరీక్షించాలి. కాలితో వాయించే ‘కిక్’కు స్విచ్ వంటి పెడల్ కంటే, సుత్తి వచ్చి ప్యాడ్‌ను తాకే పెడల్ మంచిది. అసలు డ్రమ్స్‌పై అవసరమయ్యే పాదసాధన దానితోనే అలవడుతుంది. అయితే ఆ తాకిడి నేల ద్వారా కింది అంతస్తుకు వినిపిస్తుంది. మందపాటి చాప పరచాలి.

పీట, పుల్లలు, హెడ్‌ఫోన్, కొన్ని సందర్భాలలో పెడల్ సైతం విడిగా కొనవలసి వస్తాయి. చేతిలోని సొమ్మంతా కిట్‌కే వెచ్చిస్తే వాయించడం మొదలుపెట్టడానికే వీలుండదు. వాడిన కిట్ చౌకగా దొరికితే ప్రతి ప్యాడ్‌నూ, తీగనూ, పెడల్‌నూ పరీక్షించి తీసుకోవచ్చు.

అంత స్తోమత లేనివారు ఒక్క ప్రాక్టీస్ ప్యాడ్, జత పుల్లలు, లయను చూపే మెట్రోనోమ్‌తో శిక్షణ ఆరంభించవచ్చు. చేతులకు అక్కడ అబ్బిన లయ రేపు ఏ కిట్ ముందు కూర్చున్నా అక్కరకు వస్తుంది.